గుండమ్మ తప్పేటి?

అక్కినేని నాగేశ్వరరావు 1924 సెప్టెంబరు 20న పుట్టారు. సూర్యకాంతం అదే ఏడాది అక్టోబరు 28న. అంటే ‘గుండమ్మ కథ’లో చిన్నల్లుడికంటే అత్తగారు నెలా ఎనిమిది రోజులు చిన్న. పెద్దల్లుడు రామారావు ఆవిడకంటే ఏడాదిన్నర పెద్ద. ఇక ఎస్వీ రంగారావు 1918లో పుట్టిన మనిషి. ‘మాయాబజార్’లో ఆయన ఘటోత్కచుడు, ఆవిడ ఆయన్ని కన్నతల్లి హిడింబి. తనకంటే ఆరేళ్లు ముందు పుట్టిన కొడుకుని చూసుకుని ఆ తల్లి మురిసిపోతుంటే, ఇదేమిటని హాల్లో ఒక్క ప్రాణికీ తోచలేదు. ఇప్పటికీ తోచదు.

ఈ లెక్క వేసుకుని మొదట నవ్వుకున్నాను. తరవాత కాస్త అసూయ కూడా కలిగింది. మన సినిమాల్లో ఆడమనిషికి వయసు మీద పడటమంటే తెర మధ్యలోంచి అంచుకి జరగడం. పదేళ్లు కథానాయిక, ఆ పైన వదినగారు, ఆ పైన తెల్లచీర కట్టుకుని దేవుడి పటం ముందు కన్నీళ్లు పెట్టుకునే అమ్మ. సూర్యకాంతం ఆ మెట్లేవీ దిగలేదు. ఇరవై ఆరో ఏట తిన్నగా వెళ్లి అత్తగారి పీట మీద కూర్చున్నారు. పోయేదాకా, అంటే 1994 దాకా, ఆ పీట ఎవరికీ ఇవ్వలేదు. యవ్వనాన్ని తనంత తానే ముందుగా వదిలేసుకున్న మనిషిని ఇక వయసు మాత్రం ఏం చేస్తుంది?

కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురం ఆవిడది. అమ్మానాన్నలకి పద్నాలుగో సంతానం. అంతమంది ఉన్న ఇంట్లో పద్నాలుగో పిల్ల తన మాట వినబడాలంటే గొంతు పెంచక తప్పదు గదా, ఆ గొంతు అలా తయారైందేమోనని నా ఊహ. చిన్నప్పుడే ఆటా పాటా నేర్చుకున్నారు. కాకినాడ నాటకాల ఊరు. యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ లాంటి సమాజాలున్న ఊరు. ఎస్వీ రంగారావు, అంజలీదేవి అక్కడ వేషాలు కట్టి వచ్చినవాళ్లే. ఈవిడా ఆ ఊరి రంగస్థలం మీద నలిగి, సినిమా మీద మోజుతో తల్లిని వెంటబెట్టుకుని మద్రాసు రైలెక్కారు. జెమినీ వాళ్ల ‘చంద్రలేఖ’లో నాట్యం చేసే గుంపులో ఒకరయ్యారు. నెలకు 65 రూపాయలిస్తామంటే అది చాలదని అడిగి 75 చేయించుకున్నారని చెబుతారు. ఆ పది రూపాయలు అడిగిన గొంతే తరవాత మనం విన్న గొంతు అనిపిస్తుంది నాకు.

కథానాయిక కావాలని ఆవిడకీ ఉండేది. ‘సౌదామిని’లో ఆ అవకాశం గుమ్మం దాకా వచ్చిందనీ, కారు ప్రమాదంలో ముఖానికి దెబ్బ తగలడంతో వెనక్కి పోయిందనీ అంటారు. 1950లో ఎల్వీ ప్రసాద్ ‘సంసారం’ తీశారు. రామారావు, నాగేశ్వరరావు కలిసి నటించిన సినిమా. అందులో ఒక గయ్యాళి అత్త వేషం ఉంది. ఆ వయసులో ఇంకో అమ్మాయైతే ఆ వేషం విని ఏడ్చేది. ఈవిడ ఒప్పుకున్నారు. ఆ ఏడే ఒక న్యాయవాదిని పెళ్లి చేసుకున్నారు. ఆయన తరవాత హైకోర్టు జడ్జి అయ్యారు. బయట కోర్టులో ఆయన తీర్పు చెబుతుంటే తెర మీద ఈవిడ వాదప్రతివాదాలు రెండూ తానే నడిపి తీర్పు కూడా తానే చెప్పేసేది.

మాది విజయనగరం. సూర్యకాంతం మా ఊరి మనిషి కాదు. అయినా ఆవిడ గురించి రాయబోతే నా ఆలోచన మా ఊరి మీదికే పోతుంది. కారణం గురజాడ నాటకం కన్యాశుల్కం.

1892 ఆగస్టులో జగన్నాథ విలాసినీ నాటక సమాజం వాళ్లు విజయనగరంలో ఆ నాటకాన్ని మొదటిసారి ఆడారు. ఆనందగజపతి మహారాజు రోజులవి. అంత నాటకంలో ఎంతమంది ఆడవాళ్లున్నారో చూడండి. మధురవాణి, బుచ్చమ్మ, వెంకమ్మ, మీనాక్షి, పూటకూళ్లమ్మ. తెలుగువాళ్లు నూట ముప్పై ఏళ్లుగా తలుచుకుని నవ్వుకుంటున్న మాటల్లో సగం ఈ ఆడవాళ్లవే. కానీ ఆనాటి రివాజు ప్రకారం ఆ వేషాలన్నీ కట్టింది మీసం గీసుకున్న మగవాళ్లు. పూటకూళ్లమ్మ చీపురుకట్ట పట్టుకుని గిరీశం కోసం వచ్చినప్పుడు, ఆ చీపురు మగచేతిలోనే ఉంది. సంసార స్త్రీ రంగస్థలం ఎక్కడమా, శివ శివా! ఎక్కగలిగిన ఆడవాళ్లు భోగంవాళ్లు. వాళ్ల మేళాల్లో గొల్లకలాపం ఉండేది. చల్లమ్మే గొల్లభామ నిలబడి బ్రాహ్మణుడితో శాస్త్రం వాదించి ఆయన నోరు మూయించే ఆట. ఆడమనిషి నలుగురిలో నిలబడి మగవాణ్ణి ఎగతాళి చేయడానికి మనకున్న పాత అనుమతి పత్రం అదొక్కటే. ఆ మేళాల్నే కూడదన్న ఉద్యమం కూడా అప్పుడే నడుస్తోంది. కన్యాశుల్కంలో సౌజన్యారావు పంతులు ఆ ఉద్యమం మనిషే.

సరిగ్గా ఆ రోజుల్లోనే లండన్‌లో మేరీ లాయిడ్ అనే ఆవిడ సంగీత వినోదశాలల్ని ఏలుతోంది. 1870లో పేదవాడలో పుట్టిన మనిషి. పాట పాడుతూ, మధ్యలో ఒక మాట దగ్గర ఆగి, కన్ను గీటేది. ఆ పాటలో తప్పు మాట ఒక్కటీ ఉండదు. తప్పంతా ఆ గీటులోనే ఉండేది. 1912లో రాజుగారి ముందు జరిగిన ప్రదర్శనకి ఆవిణ్ణి పిలవలేదు. పెద్దమనుషుల ముందు ఆడించదగ్గ మనిషి కాదన్నది వాళ్ల ఉద్దేశం. 1922లో ఆవిడ పోతే వేలకి వేల జనం వీధుల్లో నిలబడ్డారు. అంత గంభీరుడైన టీఎస్ ఎలియట్ కూడా కూర్చుని ఆవిడ మీద వ్యాసం రాశాడు. విజయనగరంలో మధురవాణి వేషం మగవాడు కడుతున్న కాలానికి అక్కడ ఒక ఆడమనిషి, ఒంటరిగా, వేదిక మధ్యన నిలబడి, ఇంటి అద్దెల గురించీ మొగుళ్ల గురించీ జోకులేసి సొంత డబ్బు సంపాదిస్తోంది. ఇది మనల్ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఆవిణ్ణి గౌరవించడానికి వాళ్లకి ఆవిడ శవం కావలసి వచ్చిందని కూడా గుర్తుపెట్టుకోవాలి.

మన ఆడవాళ్లకి హాస్యం తెలియకనా? పెళ్లిలో వియ్యాలవారి మీద పాటలు విన్నవాళ్లెవరూ ఆ మాట అనరు. మా ఉత్తరాంధ్ర పెళ్లిళ్లలో మగపెళ్లివారు భోజనాలకి కూర్చున్నాక ఆడపెళ్లివారి ముసలమ్మలు ఎత్తుకునే పాటల్లో వియ్యపురాలి ఆకలి, వియ్యంకుడి పిసినారితనం, పెళ్లికొడుకు మేనత్త నడక, అన్నీ వీధిన పడతాయి. పడ్డవాళ్లు కూడా నవ్వాల్సిందే, కోపం వస్తే మర్యాద కాదు. తోలుబొమ్మలాటలో బంగారక్క ఉంది. కేతిగాడితో ఆవిడ ఆడే సరసం పగటిపూట చెప్పుకోలేం. ఆ బొమ్మలాట కుటుంబాల్లో ఆడబొమ్మల గొంతులు ఆడవాళ్లవే. కాకినాడ పక్కనే మాధవపట్నంలో ఆ కుటుంబాలున్నాయి. అంటే ఆడదాని హాస్యానికి మన దగ్గర లోటెప్పుడూ లేదు, కాకపోతే అది తెర వెనక ఉండాలి, లేదా పెళ్లిపందిరి దాటకూడదు. మొహం కనబడుతూ, పేరు చెప్పుకుంటూ, డబ్బు పుచ్చుకుంటూ నవ్వించడానికి సినిమా రావలసి వచ్చింది.

1955లో ‘కన్యాశుల్కం’ సినిమాగా వచ్చింది. పి. పుల్లయ్య దర్శకుడు. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి, సీఎస్సార్ రామప్పపంతులు, గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధానులు. సంగీతం ఘంటసాల. విజయనగరం వీధుల్లో మధుకరం ఎత్తుకుని బతుకుతూ పాట నేర్చుకున్న మనిషే ఈ ఊరి నాటకానికి బాణీలు కట్టాడు. పూటకూళ్లమ్మ ఛాయాదేవి. మీనాక్షి మన సూర్యకాంతం.

మీనాక్షి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కన్యాశుల్కం మీద పుస్తకాలకి పుస్తకాలొచ్చాయి, మధురవాణి మీదైతే చెప్పనక్కర్లేదు. లుబ్ధావధాన్ల కూతురు మీనాక్షి వెధవరాలు. పుట్టింట్లో పడి ఉంది. తండ్రికి డబ్బు యావ. ఆ ఇంటికి రామప్పపంతులు రాకపోకలున్నాయి. అతని మాట నమ్మి, పెళ్లాడతాడని ఆశపడి, చివరికి భంగపడింది. బుచ్చమ్మ కూడా విధవే, కానీ ఆమె లేత వయసు పిల్ల, అందుకని ఆమె మీద జాలి. మీనాక్షికి కాస్త వయసుంది, నోరుంది, ఒక మగవాడి మీద కోరిక ఉంది. అందుకని ఆమె మీద నవ్వు. గురజాడ ఈ రెండు వెధవరికాల్నీ పక్కపక్కన పెట్టి, ఎవర్ని చూసి ఏడుస్తారో ఎవర్ని చూసి నవ్వుతారో మీరే తేల్చుకోండని ఊరుకున్నాడు. మనం తేల్చుకున్న తీరు మనకి తెలుసు.

ఆ వేషానికి సూర్యకాంతాన్ని తీసుకోవడం సహజమే. అప్పటికే గయ్యాళితనానికి ఆవిడ పేరు మోగిపోయింది. నాకు ఆశ్చర్యం కలిగించేది తరవాతి సంగతి. ఏడేళ్లకి, 1962లో, ఆవిడ ఇంకో విధవ వేషం వేశారు. ఈసారి ఆస్తిపరురాలు. పేరు గుండమ్మ.

ఆ సినిమాలో ముందు ఆవిడ నటన సంగతి చెప్పుకోవాలి. ఈ మధ్య ఒకరోజు ‘గుండమ్మ కథ’ని గొంతు తగ్గించి, మాట వినబడకుండా పెట్టుకుని చూశాను. మీరూ ఓసారి చేసి చూడండి. ముందు ఎడమచెయ్యి లేస్తుంది. మాట ఇంకా నోట్లోనే ఉంటుంది, చెయ్యి అప్పటికే ఎదుటివాణ్ణి గుమ్మం బయటికి తోసేస్తుంది. తరవాత మెడ. గడ్డం ఒక పక్కకి, చూపు ఒక పక్కకి. ఎదుటి మనిషిని చూడాల్సినంత గొప్పవాడు కాదన్నట్టు. పమిట కొంగు నడుముకి దోపుకుంటే దెబ్బలాటకి సిద్ధమని, వదిలేసి భుజం మీదుగా లాక్కుంటే డబ్బున్నవాళ్లెవరో వచ్చారని. ఆ కొంగులో మొత్తం కథ నడుస్తుంది. ఆపైన అన్నిటికన్నా గొప్పది, ఓడిపోయాక మొహం. అల్లుడు ఏదో అంటాడు, దానికి జవాబు లేదు. ఆ క్షణంలో సూర్యకాంతం గింజుకోదు. నోరు కొద్దిగా తెరుచుకుని అలాగే ఉంటుంది, కళ్లు మాత్రం పక్కకి తిరిగి, ఈ అవమానం ఎవరైనా చూశారా అని లెక్క చూసుకుంటాయి. హాలు ఘొల్లుమనేది ఆ చూపుకి. అరిచినప్పుడు మనం భయపడతాం, ఆగినప్పుడు నవ్వుతాం. అరవడం ఎవరికైనా వస్తుంది. ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్లు తక్కువ.

ఆవిడ అష్టావక్రంగా మొహం పెట్టగా నేను చూడలేదు. వెర్రి నడకలు, నత్తి మాటలు, పళ్లు బయటపెట్టడం, కిందపడటం లాంటి చవకబారు సరుకు ఆవిడ దుకాణంలో లేదు. నిండైన చీర, పెద్ద బొట్టు, ముక్కుపుడకతో గౌరవంగానే కనబడేది. ఇంకో సంగతి. ఆవిడ దుర్మార్గమెప్పుడూ వంటింటి కొలతలు దాటదు. చద్దన్నమా వేడన్నమా, నెయ్యి చెంచాడా అరచెంచాడా, కోడలి అన్నకి కాఫీ ఇవ్వాలా మజ్జిగతో సరిపెట్టాలా. ఇప్పటి టీవీ సీరియల్ అత్తలు విషం కలుపుతారు, కిరాయి గూండాల్ని పంపుతారు, దానికి ముందొక ఉరుము, వెనకొక మెరుపు. వాళ్లని చూసి భయమూ వెయ్యదు, నవ్వూ రాదు. మజ్జిగ దగ్గర లెక్క చూసే అత్తగారు మనందరికీ తెలిసిన మనిషి. అందుకే నవ్వొచ్చింది. మొగుడిగా రేలంగి పక్కన ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు. ఆయన నోరు మెదపకుండా నవ్వించేవాడు, ఈవిడ మెదిపి.

ఇప్పుడు గుండమ్మ దగ్గరికి రండి. అది రామారావుకి నూరో సినిమా. నాగేశ్వరరావు, సావిత్రి, జమున, ఎస్వీ రంగారావు, రమణారెడ్డి, అందరూ ఉన్నారు. విజయా సంస్థ సినిమా. ఇంతమందిని పెట్టుకుని ఆ సంస్థవాళ్లు సినిమాకి పెట్టిన పేరు ఒక అత్తగారిది. కన్నడ సినిమా ‘మనె తుంబిద హెణ్ణు’ ఆధారంగా తీసిన సినిమా అది. దానికి ఇక్కడ పెట్టిన పేరు చూస్తే బలం ఎక్కడుందో నిర్మాత చక్రపాణికి తెలుసనిపిస్తుంది. పాటలు మాత్రం అందరికీ పంచి గుండమ్మకి మిగల్చలేదు. మా ఊరి సుశీల గొంతు ఆ ఇంటి కూతుళ్లకి దక్కింది. ఇంటి యజమానురాలికి మాటలే.

కథ మీకు తెలిసిందే. గుండమ్మకి మొగుడు పోయాడు. ఇల్లూ ఆస్తీ ఉన్నాయి. సవతి కూతురు లక్ష్మి చేత ఇంటి చాకిరీ చేయిస్తుంది, సొంత కూతురు సరోజని గారాబం చేస్తుంది. ఆ ఇంట్లోకి ఒక ధనవంతుడి కొడుకులిద్దరు, ఒకడు పనివాడి వేషంలో, ఇంకొకడు ఇంకో వేషంలో, దొంగచాటుగా దూరి ఇద్దరు కూతుళ్లనీ చేసుకుని, గర్వం అణుస్తారు. అందరం చప్పట్లు కొట్టాం. లక్ష్మి కష్టం చూసినవాళ్లకి అవి న్యాయమైన చప్పట్లే.

చీపురుపల్లి వైపు పల్లెనుంచి వచ్చి మా వీధిలో ఆకుకూరలమ్మే ముసలావిడ ఒకరుండేది. ఎండ ముదిరితే మా అరుగు మీద గంప దింపుకుని, మంచినీళ్లు తాగి, గుమ్మం పట్టుకుని నిలబడి టీవీ చూసేది. లోపలికి రమ్మన్నా వచ్చేది కాదు. ఒక మధ్యాహ్నం ‘గుండమ్మ కథ’ నడుస్తోంది. ఇంట్లో అందరం నవ్వుతున్నాం. ఆవిడ నవ్వలేదు.

“ఏటమ్మా, అందరూ దాన్నే అంతన్నారు. మొగుడు సచ్చిపోనాడు. ఇల్లుంది, బూములున్నాయి. ఇద్దరాడపిల్లలు. అది నోరెట్టుకోకపోతే ఆ ఇల్లు నిలుస్తాదేటి?” అంది.

“మరి ఆ పెద్దపిల్లచేత అంత చాకిరీ చేయిస్తోంది గదా, అప్పా!”

“అది తప్పే. తప్పుకాదని నానన్నానేటి? కానీ ఆ బాబులొచ్చి సేసిందేటి? పేరు మార్చీసి, ఏసం కట్టీసి ఇంటిలో దూరిపోనారు. అడిగి సేసుకోకూడదేటి?”

గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. ఆవిడకి మొగుడున్నాడో లేడో నేను అడగలేదు. ఆ తరవాత ఆ సినిమా ఎప్పుడు వచ్చినా నేను మునుపటిలా నవ్వలేకపోయాననను. నవ్వుతాను. సూర్యకాంతం ముందు నవ్వాపుకోవడం నావల్ల కాదు. కాకపోతే ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరెవరు తిరుగుతున్నారో కూడా చూస్తాను. ఆస్తి మీద కన్నేసి చుట్టూ తిరిగే ఘంటయ్య ఒకడు. పోకిరీ భూపతి ఒకడు. నీతి నేర్పడానికి అబద్ధమాడి వచ్చిన అల్లుళ్లిద్దరు. గుండమ్మతో నిజం చెప్పినవాడు మగవాళ్లలో ఒక్కడు లేడు. వీళ్లందరి మధ్యా తాళాలగుత్తి నడుముకి దోపుకుని, అనుమానంతో, అరుపుతో తన ఇంటిని కాసుకుంటున్న ముప్పై ఏడేళ్ల ఆడమనిషి. మీనాక్షి నమ్మి చెడింది. గుండమ్మ ఎవర్నీ నమ్మదు, అయినా మోసపోతుంది. ఒకే నటి ఏడేళ్ల తేడాలో ఈ ఇద్దరు విధవల్నీ ఆడింది, మనం ఇద్దర్నీ చూసి నవ్వాం.

కథ రాసినవాళ్లు గుండమ్మని లొంగదీయడానికి పంపింది మగవాణ్ణి కాదు, ఇంకో గయ్యాళిని. ఛాయాదేవి దుర్గమ్మగా వచ్చి గుండమ్మనే గదిలో పెట్టి బాధిస్తుంది. అక్కడ సూర్యకాంతం ఒళ్లు ముడుచుకున్న తీరు చూడాలి. అంత గొంతున్న మనిషి చిన్నపిల్లలా అయిపోతుంది. అప్పుడు ఆదుకోవడానికి వచ్చేది, తను చాకిరీ చేయించిన లక్ష్మే. ఆ కాసేపూ హాస్యం మాయమై ఇంకేదో వస్తుంది, వెంటనే విజయావాళ్లు దాన్ని మళ్లీ నవ్వులోకి తిప్పేస్తారు. సూర్యకాంతానికి కన్నీళ్లు పెట్టించడం కూడా వచ్చునని నాకు తెలిసింది అక్కడే. ఆ పని ఆవిడచేత ఎక్కువ చేయించుకోలేదు. మన నష్టం.

తెర బయట ఆవిడ సంగతులు చాలామంది చెప్పారు. షూటింగుకి ఇంటినుంచి గిన్నెలకి గిన్నెలు వండి తెచ్చి, లైట్లు మోసేవాళ్లతో సహా అందరికీ వడ్డించేవారట. పులిహోర గురించి చెప్పని పాత నటుడు లేడు. డబ్బు దగ్గర మాత్రం ఖచ్చితం, ఇవ్వాల్సింది రూపాయి తగ్గితే ఒప్పుకునే మనిషి కాదు. ఆ రెండు గుణాలకీ పొత్తు కుదరదని కొందరు ఆశ్చర్యపోతారెందుకో. నెలకు పది రూపాయలు అడిగి పెంచించుకున్న అమ్మాయికి డబ్బు విలువా తెలుసు, ఆకలీ తెలుసు. బయట జనం మాత్రం ఆవిణ్ణి తెర మీది మనిషే అనుకున్నారు. పిల్లలు భయపడ్డారు, పెద్దవాళ్లు ఎదురుగానే శాపనార్థాలు పెట్టారు. నోరున్న కోడలొస్తే, నోరున్న అత్త ఉంటే, “అదో సూర్యకాంతం” అని తేల్చేయడం మా జిల్లాల్లో ఇప్పటికీ ఉంది. నోరున్న మగవాణ్ణి అనడానికి ఇంత చక్కటి మాట ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

వందల సినిమాలు. అందులో సగం మరిచిపోదగ్గవే. ఒకే అత్తగారిని ఒకే ఇంట్లో పెట్టి, పేరు మార్చి తీసినవి. వాటిలో కూడా ఆవిడ పని దొంగతనం చేయలేదు. సినిమా పడుకున్నా ఆవిడ వచ్చిన నాలుగు నిమిషాలూ లేచి కూర్చుంటుంది. వయసు మీద పడ్డాక వేషాలు తగ్గాయి, ఉమ్మడి కుటుంబాలు సినిమాల్లోంచి పోయాయి, వంటిల్లు పోయింది, అత్తగారూ పోయింది. 1994 డిసెంబరు 18న ఆవిడ పోయారు. పద్మ పురస్కారాల జాబితాలో ఆవిడ పేరు లేదు. ఆడవేషాలు కట్టిన స్థానం నరసింహారావుకి పద్మశ్రీ వచ్చింది, ఆయన అర్హుడే, అందులో పేచీ లేదు. ఆడమనిషే ఆడవేషం కట్టి అంత నవ్వించినందుకు మాత్రం ఏమీ రాలేదు.

పురస్కారాల సంగతి వదిలేద్దాం. నా మనవి నాటకాలవాళ్లకి. కన్యాశుల్కాన్ని పూర్తిగా ఆడాలంటే ఒక రాత్రి చాలదు. శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టిన జేవీ సోమయాజులు, రమణమూర్తి అన్నదమ్ములు కూడా దాన్ని కుదించుకునే ఊరూరా ఆడారు. కుదించడం తప్పదు. నేను చూసిన ప్రదర్శనల్లో కత్తెర పడ్డప్పుడల్లా ముందు పోయేది మీనాక్షి భాగం. గిరీశం ఇంగ్లీషు ముక్కలు ఒక్కటీ పోవు, రామప్పపంతులు కోతలు పోవు, మీనాక్షి మాటలు పోతాయి. మిగిలిన రెండు మూడింటినీ ఆడే అమ్మాయి జనాన్ని నవ్వించి లోపలికి పోతుంది. విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ ఈసారి ఆ నాటకం వేసేవాళ్లు గిరీశం నుంచి పది నిమిషాలు తగ్గించి మీనాక్షికి ఇవ్వండి. ఆ వేషం కట్టే అమ్మాయికి ముందుగా ‘గుండమ్మ కథ’ చూపించండి, గొంతు తగ్గించి.